కంచం పేరు ఏటి?

"దొంగకి కంచమెందుకురా?" అంటూ సోములు తన సత్తు కంచాన్ని ఒళ్లోకి లాక్కున్నాడు.

కళ్లజోడు పగిలిన ఆ బక్కమనిషిని జైలు గదిలోకి తోసి గంట కాలేదు. దొంగ అని కాపలావాళ్లే చెప్పారు. వాళ్ల భాషలో సోములుకి తెలిసిన నాలుగు ముక్కల్లో అదొకటి.

ఇంజిను ఆగి బోటు పొరుగుదేశం నీళ్లలోకి కొట్టుకుపోయిన పాపానికి సోములు, బావమరిది త్రినాథ్ ఆ గదిలో ఏడాదిగా మగ్గుతున్నారు. కేసు లేదు, కోర్టు లేదు. ఇంటికెప్పుడని అడిగితే లాఠీ మాట్లాడేది.

అక్కడ కంచం ఉన్నవాడికే కూడు. వాళ్లకున్నది ఒక్కటే, సోములు పేరు చెక్కించి అతని పెళ్లాం చిన్నతల్లి బోటెక్కేటప్పుడు ఇచ్చిన కంచం.

బక్కమనిషి దానివైపు వేలు చూపించి ఏదో అడిగాడు.

"ఏటి?" అన్నాడు సోములు, ఏం కావాలన్నట్టు విసుగ్గా.

"ఏటి," అన్నాడతను సంబరంగా.

కంచాన్ని తెలుగులో అలా అంటారనుకున్నాడు పాపం.

త్రినాథ్ పకపకా నవ్వాడు. సోములుకీ నవ్వాగలేదు. నవ్వించినవాణ్ని పస్తు ఎలా పడుకోబెడతాడు? తాము తిన్నాక కడిగి కంచం అతని చేతికిచ్చాడు.

మర్నాడు ఆ మహానుభావుడు దాన్ని ఊచలకేసి టంగుటంగున మోగించాడు. అందరికీ కంచాలివ్వాలట, అందర్నీ కోర్టుకి తీసుకెళ్లాలట. వీపు చిట్లేలా కొట్టారు. దెబ్బలు ఆరకముందే మళ్లీ మోగించాడు.

"నోరు మూసుకుని తినరాదేటి?" అని సోములు తిట్టాడు. కంచం సొట్టపోయిందని అతని కడుపుమంట.

ఒక ఉదయం వీధుల్లో జనం హోరెత్తారు. ప్రభుత్వం పడిపోయిందన్నారు. తలుపు తీసి బక్కమనిషిని ఒక్కణ్నే పిలిచారు. పోతూ పోతూ కంచం చంకన పెట్టుకుపోయాడు.

"సూసినావా బుద్ధి! కూడెట్టిన కంచమే ఎత్తుకుపోనాడు," అని సోములు లబలబలాడాడు.

కొద్దిరోజులకే గదిలో అందరికీ కొత్త కంచాలొచ్చాయి. తర్వాత వకీలు వచ్చాడు, కోర్టు పిలిచింది, విడుదల చేసింది. అంతా శ్రీకూర్మనాథుడి దయ అని సోములు దండం పెట్టుకున్నాడు.

ఆమదాలవలసలో రైలు దిగేసరికి ఊరు ఊరంతా డప్పులతో స్టేషన్‌కొచ్చింది. ఏడుస్తూ నవ్వుతూ చిన్నతల్లి అతని ఒళ్లంతా తడిమి చూసి, కంచమేదని అడిగింది. దొంగెత్తుకుపోయాడని చెప్పాడు.

అంతలో టీకొట్టు టీవీ దగ్గర ఎవరో కేకేశారు, మన వాళ్ల కబురే చెబుతున్నారని.

విచారణ లేకుండా ఇక ఎవర్నీ బంధించకూడదని పొరుగుదేశంలో కొత్త చట్టం వచ్చిందట. శ్రీకాకుళం జాలర్లను వదలమంటూ తొలి సంతకం పెట్టింది కొత్త న్యాయమంత్రేనట.

"ఆ మారాజు సల్లగుండాల," అంటూ సోములు చేతులు జోడించాడు.

టీవీలో, కిక్కిరిసిన సభలో మంత్రి లేచాడు, సోములు పేరున్న సొట్ట కంచాన్ని దేశమంతా చూసేలా పైకెత్తాడు, నవ్వుతూ దాని పేరు చెప్పాడు: "ఏటి."