వంటగది కిటికీ

కిటికీ అంచున పట్టిన కొవ్వొత్తి వెలుగు మళ్ళీ వణికింది.

“నిన్న పూడ్చిన చోటే సార్,” అన్నాడు కిటికీల మేస్త్రి.

చట్రానికీ గోడకీ మధ్య పెట్టిన తెల్లటి సిలికాన్ బంక ఒక మూల ఊడిపోయి ఉంది. కొత్తింట్లో మిగతా కిటికీలన్నీ గాలి చొరకుండా బిగిశాయి. ఈ వంటగది కిటికీ ఒక్కటే మొండికేసింది.

దానికి ఎదురుగా ఇంటాయన అన్నగారిల్లు. స్థలం పంపకాల్లో తల్లి పెద్దకొడుకు పక్షం మాట్లాడిందని చిన్నవాడైన ఇతను ఆ ఇంటి గడప తొక్కడం మానేశాడు. ఆవిడ అక్కడే ఉంటుంది. రోజూ పొద్దున్నే మనవరాలి చేత ఎక్కాలు చెప్పిస్తుంది. ఆ గొంతు తన చెవిన పడకూడదనే ఆ వైపు గోడలో చలినీ చప్పుడునీ ఆపే దూది పలకలు రెండు వరుసలు పెట్టించాడు.

“ఎలకలు రుచి మరిగాయేమో,” నవ్వాడు మేస్త్రి.

“ఎలకలకేం పని? తోడికోడళ్ళ కబుర్లకి దారి కావాలిగా,” అంటూ అతను భార్య వైపు చూశాడు.

ఆ ఇంటి తోడికోడలిని ఆమె పలకరించి నెలలయింది. ఆ మాట చెప్పినా నమ్మడు. మబ్బులు కమ్ముకొస్తున్నాయి. ఆ కంతలోంచి వాన దిగితే గోడలో దూదంతా నాని కుళ్ళిపోతుందని, గోడ విప్పాల్సి వస్తుందని మేస్త్రి ముందే చెప్పాడు. ఆ నింద తన నెత్తినే పడుతుంది.

మేస్త్రి మళ్ళీ పూడ్చి వెళ్ళాడు.

తెల్లవారి ఆమె లేచేసరికి భర్త అలవాటుగా కాఫీ గ్లాసుతో ఆ కిటికీ దగ్గరే ఉన్నాడు. పనివాళ్ళని కనిపెట్టుకుని ఉండాలంటాడు. చట్రానికి తల ఆనించి, పెదాలు కదుపుతూ నిలబడతాడు. లోపల్లోపల తిట్టుకుంటున్నాడనుకునేది ఆమె.

మేస్త్రి వచ్చి కొవ్వొత్తి వెలిగించాడు. వెలుగు వణికింది. కంతలోంచి ఏడో ఎక్కం సన్నగా వినిపించింది. పాప తడబడితే ముసలి గొంతు అందించింది. బయట చినుకులు మొదలయ్యాయి.

“ఇంకా బుకాయిస్తావా?” అన్నాడు భర్త.

ఆమెకి ఏడుపొచ్చింది. “మీ మీద ఒట్టండీ, నేను ముట్టుకోలేదు,” అంటూ అతని చెయ్యి పట్టుకుంది.

అతను చప్పున లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు.

గోళ్ళ నిండా తెల్లటి సిలికాన్.