సోమవారం క్రాపు

“పక్కకి జరుగు.”

“జరగను. కొయ్యాలంటే ముందు నన్ను కొయ్యండి.”

పెరట్లో పూలచెట్టుకు వీపు ఆనించి నిలబడింది ఆవిడ. ఎదురుగా చేతిలో రంపంతో ఆవిడ భర్త. ఆయనకు బజారులో సెలూన్ ఉంది. ఊళ్ళో సగం తలలు ఆయన వంచమన్న వైపు వంగుతాయి. ఇంట్లో ఉన్న ఈ ఒక్క తలకాయ మాత్రం ఏనాడూ వంగింది లేదు.

“ఏడేళ్ళయిందే! వంటింటి కిటికీ తెరిస్తే గులాబిరంగు గుత్తులు కనబడాలని నీకోసం తెచ్చి నాటాను. ఒక్క పువ్వు పూసిందా? నిన్న పోస్ట్‌మాన్ నా కుర్చీలోనే కూర్చుని, ‘మీ చెట్టు ఇంకా బ్రహ్మచారేనా?’ అన్నాడు. సెలూనంతా పగలబడి నవ్వారు.”

“నవ్వితే నవ్వారు. పూయకపోతే మానె. నేనేమైనా అడిగానా?”

“అడగవు. అదే నా బాధ.”

పెళ్ళానికి ఇచ్చిన మాట నిలబెట్టుకోలేకపోయానని ఏడేళ్ళుగా లోలోపల కుమిలిపోతున్న మనిషి. చెట్టుకు నీళ్ళు పోశాడు, ఎరువు వేశాడు. సెలూన్‌కు సెలవైన ప్రతి సోమవారం స్టూలెక్కి రెమ్మ రెమ్మా సవరించాడు. స్టూలు కదలకుండా ఆవిడ పట్టుకుంటే, ఆ వారం విన్న కబుర్లన్నీ చెబుతూ చెట్టును బంతిలా గుండ్రంగా కత్తిరించేవాడు. వీధి మొత్తానికి అంత ముచ్చటైన చెట్టు ఇంకోటి లేదు. పూలే లేవు.

ఆయన పక్కగా వంగి, రంపం చెట్టు మొదలుకు ఆనించి ఒక్క లాగు లాగాడు. బెరడు పొడి రాలింది. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది.

“ఆగండి! ఒక్క పది నిమిషాలు. వీధి చివర నర్సరీ బాబాయిని తీసుకొస్తాను. ఆయన కూడా కొట్టెయ్యమంటే మీతోపాటు నేనూ రంపం పడతాను.”

“ఇన్నేళ్ళూ ఆయన్ని పిలుద్దామంటే నువ్వే కదా వద్దన్నది?”

“ఇప్పుడు పిలుస్తానంటున్నాగా!” అని చెప్పులు వేసుకుని పరుగులాంటి నడకతో వెళ్ళింది.

నర్సరీ ముసలాయన వచ్చి చెట్టు చుట్టూ తిరిగి చూశాడు. ఒక రెమ్మ పట్టుకుని చివర వేలితో తడిమాడు.

“ఇది చెట్టా, క్రాపు చేయించుకున్న తలా? ఎవరి పనిది?”

“నాదే” అన్నాడు భర్త, కాస్త గర్వంగానే. “ఒక్క రెమ్మ పైకి లేచినా నా చెయ్యి ఊరుకోదు.”

“ఊరుకోకపోతే పూలెక్కడివయ్యా? దీనికి మొగ్గ కట్టేది రెమ్మ చివరే. నువ్వేమో వారం వారం ఆ చివరే తెగ్గొడుతున్నావు. ఆ కత్తెర అటకెక్కించు. వచ్చే వేసవికి ఆకు కనబడకుండా పూస్తుంది.”

ఆయన చేతిలోంచి రంపం జారింది.

“అంటే... నీ పూలన్నీ నేనే కత్తిరించి పారేశానా?” అంటూ భార్య వైపు తిరిగాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు పాపం ఆయనకు. “ఒట్టు! ఇక దీని జోలికొస్తే నన్నడుగు.”

రంపం, కత్తెర, స్టూలు అన్నీ పోగేసుకుని తప్పుచేసిన పిల్లాడిలా లోపలికి వెళ్ళిపోయాడు.

ఆవిడ ముసలాయన్ని గేటు దాకా సాగనంపింది. చెట్టు దక్కినందుకు ఆవిడ ముఖం వెలిగిపోవాలి. దిగులుగా ఉంది.

ముసలాయన గేటు దగ్గర ఆగాడు.

“అమ్మాయ్, ఈ ముక్క నీకు ఐదేళ్ళ కిందటే చెప్పాను కదా. ఆయనకు చెప్పలేదూ?”

ఆవిడ ఇంటివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

“ఎలా చెప్పను బాబాయ్? చేతిలో కత్తెర ఉంటే తప్ప ఆ మనిషికి నాతో కబుర్లు చెప్పడం రాదు.”