జాలీలో పొట్టు

యాభై రెండు డిగ్రీల ఎండలో, నిండు చూలాలైన మా మనవరాలు హైమను ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, కారులో చల్లగాలి కాస్తా వేడిగాలైంది. డ్రైవరు లేని ఆ కారు రోడ్డు పక్కన ఆగి, "కంపెనీ మనిషి మూడు గంటల్లో వస్తారు. అంతవరకు నన్ను విప్పడం నేరం" అంది.

"కళ్ళు తిరుగుతున్నాయే అమ్మమ్మా" అంది హైమ.

తారురోడ్డు పొడవునా వడ్లు ఆరబోసిన ఊళ్ళు దాటి వచ్చాం. మా ఆయన టాక్సీకీ కోతలప్పుడల్లా ఇదే జబ్బు. దిగి, ముందున్న జాలీ ఊడబీకాను. లోపలంతా పొట్టే! తలపిన్నుతో గీకి, తాగే నీళ్ళన్నీ పోసి కడిగాను. చల్లగాలి తిరిగొచ్చింది.

"మీ మీద ఫిర్యాదు పంపుతున్నాను" అంది కారు.

"పంపుకోవే. కొల్లి మాణిక్యమ్మ, ఎనభై ఆరేళ్ళు. ముందు ఆసుపత్రికి పద. జైలుకు తర్వాత నువ్వే దిగబెడుదువు గాని."