ఉత్తరం మారిన మట్టి

వాగు గట్టుకు వరసగా గుచ్చిన చిన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలను చూడగానే జములమ్మకు ఒళ్లు మండింది.

ఒక్కో డబ్బా మీద ఒక బాణం గుర్తు, పక్కన ఒక నంబరు.

అమరచింత పక్కనున్న ఆ ఊళ్లో నంబర్లు పడ్డ నేల మళ్లీ రైతు చేతికి వచ్చింది లేదు. కాలువ కోసమని ఇలాగే గుర్తులు పెట్టి ఆమె మూడెకరాలు మింగేశారు. మిగిలిన ఒక్క ఎకరం ఈ గట్టు మీదే ఉంది. ఇప్పుడు ఇటుక బట్టీల కాంట్రాక్టరు కన్ను గట్టు మట్టి మీద పడింది. గట్టు తవ్వితే చేను వాగులో కలుస్తుంది.

కింద ఒక ముసలాయన దిక్సూచి పట్టుకుని ఏదో రాసుకుంటున్నాడు.

"ఎవలు నువ్వు? ఏంది గీ గుర్తులు?"

"ఈ మట్టికి దిక్కులు తెలుసమ్మా" అన్నాడాయన నవ్వుతూ.

అడిగింది ఒకటి, చెప్పేది ఒకటి. కొందరికి అదో జబ్బు.

"కింది పొర పేరుకున్నప్పుడు భూమి అయస్కాంతం తలకిందులుగ ఉండె. దిక్సూచి ముల్లు దక్షిణం చూపే కాలమది. మట్టిల ఉన్న సన్న ఇనుప రవ్వలు అటే తిరిగి ఉండిపోయినయి. పై పొరలవి ఉత్తరానికి తిరిగినయి. అంటే ఈ గట్టు ఏడు లక్షల ఏండ్ల కన్న పాతది."

"నా చేను పోతుంటే నాకు కథలు చెప్తున్నవా?"

"జర నా మాట ఇను తల్లీ..."

"సార్ల మాటలు ఇనే మూడెకరాలు పోగొట్టుకున్న."

జములమ్మ గడ్డపారతో డబ్బాలు పెకలించసాగింది.

"వద్దమ్మా, దిక్కు రాసుకోకుండ పీకితే అవి ఇంక దేనికీ పనికిరావు."

ఆ మాటతో ఆమెకు ఇంకా ఊపొచ్చింది. పీకినవి పీకినట్టు కాలితో తొక్కింది. దిక్సూచి లాక్కుని బండకేసి కొట్టింది.

"మల్ల ఈడ కనవడితే కాళ్లిరగ్గొడత. పోయి మీ కాంట్రాక్టరుకు చెప్పుకో."

ఆయన పగిలిన ముక్కలు ఏరి సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. కాంట్రాక్టరు మనిషిని తరిమికొట్టానని జములమ్మ ఊరంతా చెప్పుకుంది.

మంగళవారం పొద్దున్నే గట్టు మీదికి జేసీబీ వచ్చింది.

జములమ్మ తహశీల్దారు ఆఫీసుకు పరుగెత్తి, గుమస్తా బల్ల మీద చరిచింది.

"ఎవల్నడిగి తవ్వమన్నరు? మా దిక్కు మాట్లాడెటోడు ఒక్కడు లేడా ఈడ?"

"ఉండె" అన్నాడు గుమస్తా. "ఆ గట్టు తవ్వొద్దని ఆరు నెలల సంది కొట్లాడింది సాంసన్ సారొక్కడే. కాలేజీల సైన్సు చెప్పి రిటైరైండు. గట్టు గంత పాతదైతే మట్టి పరీక్షకు పంపి, పంపినట్టు సోమవారం లోపల రశీదు తెమ్మని, తెస్తే తవ్వకం ఆపుతమని పెద్దసారు ఆయనకు మాటిచ్చిండ్రు."

జములమ్మ బల్ల మీంచి చెయ్యి తీసింది. "తేలేదా?"

"నిన్న ఒట్టి చేతులతోని వచ్చిండు. గట్టు మీదికెల్లి తానే జారిపడ్డనని, డబ్బాలు, దిక్సూచి తన కిందనే పడి పగిలినయని రాసి, సంతకం పెట్టి పోయిండు."