గదిలో గలగల

వెండి మొలతాడు పోయిన మూడో నాటికే మల్లికార్జునయ్య ఇంట్లో రెండు స్పీకర్ బాక్సులు దిగాయి. ఒక్కొక్కటీ ఏడాది దూడంత ఉంది. నెల్లూరు నుంచి లారీలో వస్తే ఉదయగిరి జనం పనులు మానుకుని చూశారు.

"పోయింది వెండి, వచ్చింది కొయ్య," అని వీధిలో నవ్వుకున్నారు.

ఆ మొలతాడు ఆషామాషీది కాదు. చుట్టూ మువ్వలు. ఆ ఇంట్లో పుట్టిన ఏ బిడ్డనైనా అది కట్టే ఉయ్యాల్లో వేస్తారు. ఆదివారం మనవడి బారసాల. తీరా బీరువా తెరిస్తే మొలతాడు లేదు.

అనుమానం శీనమ్మ మీద పడింది. ఆ ఇంటి అంట్లు తోమి, ఆ ఇంటి పిల్లల్ని ఎత్తుకుని తల నెరిసిన మనిషి ఆమె. అనుమానం పుట్టించినవాడు మల్లికార్జునయ్య భార్య వెంకమ్మకు తమ్ముడు, గురుస్వామి. ఆత్మకూరులో టేపురికార్డర్లు బాగుచేసే కొట్టు పెట్టి, ఎత్తేసి, బారసాల పేరుతో ముందుగానే అక్క ఇంట్లో దిగినవాడు.

శీనమ్మ మల్లికార్జునయ్య ఎదుట నిలబడి ఏడ్చింది.

"నేను తీయలేదయ్యా. యేసయ్య చూస్తానే ఉండాడు. బారసాల లోపల దొరక్కపోతే ఇంక పనిలోకి రావద్దంటా ఉండాది అమ్మ. దొంగ మొహం వేసుకుని చర్చికెట్లా పోయేది?"

ఆయన ఆమె మొహంలోకి చాలాసేపు చూసి లేచిపోయాడు.

మల్లికార్జునయ్య ఎవరి మాటా వినడని కలిగిరి దాకా పేరు. పంచాయితీలో ఎదుటివాడు గొంతు చించుకున్నా ఆయన కనురెప్ప కదిలేది కాదు. పెద్దరికమంటే అదీ అని జనం మెచ్చుకునేవారు.

ఆ మర్నాడే స్పీకర్ల కోసం నెల్లూరికి మనిషిని పంపాడు.

"పాటల గది పెడతా ఉండా. నువ్వు దిగిన గదే దానికి బాగుండాది. బిగించి పెట్టు," అన్నాడు బావమరిదితో.

గురుస్వామి ఉబ్బిపోయాడు. చేజర్లలో పెళ్లిమేళం తప్పు వాయిస్తే తను ఆత్మకూరులో అన్నం ముందు నుంచి లేచిపోతానని చెప్పుకునే మనిషి. అలాంటి చెవులకు ఇన్నాళ్లకు పని దొరికింది.

బాక్సుల్ని గోడకు జానెడు దూరం జరిపించాడు. కాదని మూరెడు జరిపించాడు. రెంటి మూతులూ కాస్త లోపలికి తిప్పాడు. పాట గోడకు తగిలి తిరిగి రాకూడదని ఇంట్లో ఉన్న బొంతలన్నీ గోడలకు కట్టించాడు. ఆ రాత్రికి ఇంటిల్లిపాదీ ఏం కప్పుకోవాలో ఎవరూ అడగలేదు. నట్టనడుమ బావకు కుర్చీ వేశాడు. అక్కడ కూర్చుంటే మేళగాళ్లు ఎదురుగా నిలబడి వాయించినట్టే ఉంటుందన్నాడు.

మల్లికార్జునయ్య ఆ కుర్చీని గురుస్వామి వైపు తిప్పుకుని కూర్చున్నాడు.

"బాక్సుల దిక్కు తిరగాల బావా."

ఆయన తిరగలేదు. ఎవరి మాట విన్నాడు గనక.

గురుస్వామి తన టేపురికార్డర్లో నాదస్వరం క్యాసెట్ వేసి, శబ్దం పెంచే చక్రం పూర్తిగా తిప్పాడు. ఆ డోలు దెబ్బకు కొండ మీది కోతులు పిల్లల్ని చంకనేసుకుని దుత్తలూరు దారి పట్టాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. పక్కింట్లో పాలు విరిగాయన్నది మాత్రం అబద్ధం. అవి పొద్దున్నే విరిగాయి.

"ఎట్లా ఉండాది బావా?"

"నువ్వే చెప్పు. చెవులుండేది నీకు."

గురుస్వామి కళ్లు మూసుకుని విన్నాడు. మొహం చిట్లించాడు.

"డోలు మోగినప్పుడంతా ఎక్కడో గలగలమంటా ఉండాది. అది పోకపోతే ఎంత మంచి బాక్సులైనా దండగే. మోగేది ఏదైనా సరే, తెరిచి దూది కూరాల."

మల్లికార్జునయ్య తలూపి, శీనమ్మకు దూది తెమ్మని సైగ చేశాడు.

అద్దాల బీరువాలో గాజుగ్లాసులు మోగుతున్నాయి. తెరిచి దూది కూరారు. కిటికీ గడియ మోగుతోంది. గుడ్డ చుట్టారు. అటక మీద గంగాళం మూత మోగుతోంది. దింపి పెరట్లో పెట్టారు. గలగల మాత్రం ఆగలేదు.

"ఇంకా ఉండాది," అంటూ గురుస్వామి గోడకు చెవి ఆనించాడు. వంగి నేలకు ఆనించాడు. మంచం కోడుకు ఆనించాడు.

అక్కడ ఆగిపోయాడు. మంచం కింద అతని ట్రంకుపెట్టె ఉంది.

మెల్లగా లేచి చక్రం తగ్గించాడు. "పోయింది బావా. ఇప్పుడు శుభ్రంగా ఉండాది."

"ఆ పెట్టెలో గూడా దూది పెట్టు," అన్నాడు మల్లికార్జునయ్య.

"దాంట్లో ఏముండాది, నా చొక్కాలు తప్పితే."

"తాళం తియ్యరా."

మోగేది ఏదైనా తెరవాలన్నది తన నోటి మాటే. గురుస్వామి తాళం తీశాడు. చొక్కాల అడుగున, పాత పంచెలో చుట్టిన మొలతాడు గలగలమంటూ బయటికొచ్చింది.

మల్లికార్జునయ్య దాన్ని శీనమ్మ చేతిలో పెట్టాడు. "ఆదివారం బిడ్డకి నువ్వే కట్టాల," అని చెప్పి బయటికి నడిచాడు.

దొరికిపోయినందుకన్నా, తనను మించిన చెవులు ఇంకొకరికి ఉన్నందుకు గురుస్వామికి ఎక్కువ కడుపుమంటగా ఉంది.

"అంత మేళంలో గుడ్డ చుట్టిన మువ్వ నీకెట్లా వినపడింది బావా?" అని వెనక నుంచి అరిచాడు.

ఆయన తిరిగి చూడలేదు. గుమ్మంలో నిలబడిన వెంకమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"అరవబాకరా. ఆయనకి చెవుడొచ్చి ఏండ్లయింది, మేళమే వినపళ్లేదు. పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. ఇంతసేపూ కూర్చుని చూసింది నీ మొహమేరా."