జరిగిన వరుసలు

“తప్పు నాదే సార్,” అంది ఆమె, కుర్చీ చూపించినా కూర్చోకుండా.

పెద్ద డాక్టరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆసుపత్రి మొత్తానికి ఆయనే పెద్ద. డాక్టర్లందరూ ఒక మాట మీద ఉన్నా, గణాంకాల విభాగంలో ఉన్న ఈవిడ కాదంటే ఈవిడ వైపే మొగ్గుతాడని పేరు. ఆసుపత్రిలో అందరూ ఆమెను లెక్కలమ్మ అనే పిలుస్తారు.

తప్పు ఎలా జరిగిందో లెక్కలమ్మ విడమరిచి చెప్పింది. వార్డుల నుంచి రోగుల వివరాలు టెక్స్ట్ ఫైలుగా వస్తాయి. ఒక్కో రోగికి ఒక్కో వరుస, అంకెకూ అంకెకూ మధ్య కాస్త జాగా, అంతే. నర్సులు ఎక్కడైనా ఒక అంకె రాయకుండా వదిలేస్తే, లెక్కల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేటప్పుడు దానికి ఆ ఖాళీ సంగతి తెలియదు. పక్క అంకెను లాక్కొచ్చి అక్కడ కూర్చోబెడుతుంది. దాంతో మిగతా వరుసంతా ఒక గడి పక్కకు జరిగిపోతుంది. ఆపరేషన్ వార్డు ఫైలులో అలాగే కొందరి వయసులు వచ్చి, కుట్లకు చీము పట్టిన రోజుల గడిలో పడ్డాయని చెప్పింది.

“అయితే ఆ వార్డులో చీము కేసులు ఎక్కువేం కాదన్నమాట.”

“మిగతా వార్డుల్లో ఎంతో అక్కడా అంతే సార్. కొత్త రిపోర్టు తెచ్చాను.”

ఆయన చదవకుండానే సంతకం పెట్టేశాడు. “ఆ వార్డు హెడ్‌నర్సు నీకు స్వయానా అక్క. అయినా మొదటి రిపోర్టు దాచకుండా నా చేతిలో పెట్టావు. ఇప్పుడు పొరపాటు నీదని నువ్వే వచ్చి చెబుతున్నావు. ఇంకొకరైతే ఈ పని చేస్తారా అమ్మా?”

ఆమె సంతకమైన రిపోర్టు అందుకుని బయటికి నడిచింది.

తల్లి పోయాక జడలు వేసి, ఎక్కాలు వల్లె వేయించి, ఇంత దాన్ని చేసింది ఆ అక్కే. మొదటి రిపోర్టు బయటికి రాగానే అక్కను వార్డు నుంచి తీసేసి దుప్పట్ల గదిలో వేశారు. నిన్నటిదాకా వెనకాలే తిరిగిన చిన్న నర్సులు ఎదురుపడితే పక్కకు తప్పుకున్నారు. అక్క మాత్రం చెల్లెల్ని పల్లెత్తు మాట అనలేదు. ఉన్నదే కదా రాసిందని వెనకేసుకొచ్చింది కూడా.

ఓ సాయంత్రం చూడబోతే, అక్క వంటింట్లో కుళాయి కింద చేతులు తోముకుంటోంది. వేళ్ల మీద తోలు లేచిపోయి ఎర్రగా ఉంది. పొయ్యి వెలిగించిన జాడే లేదు.

“ఈ చేతులతోనే కదే అందరికీ కట్లు కట్టాను. నా వల్ల ఎంతమంది అవస్థ పడ్డారో,” అంది, కుళాయి కట్టేయకుండానే.

ఆ మర్నాడే లెక్కలమ్మ ఆ ఫైలు మళ్లీ తెరిచింది.

పెద్ద డాక్టరు సంతకం సంగతి తెలియగానే అక్క దుప్పట్ల గదిలోంచి నేరుగా చెల్లెలి సీటు దగ్గరికి వచ్చింది.

“నన్ను తిట్టక్కా. ఓ రెండు తగిలించినా పడతాను.”

“పిచ్చిదానా, నిన్నెందుకు తిడతానే. నా చేతుల వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. నాకది చాలు,” అంటూ అక్క ఆమె తల పొట్టకు అదుముకుంది. ఆ పచ్చి చేతులు లెక్కలమ్మ చెంపలకు తగిలాయి.

పక్క సీటాయన మంచివాడు. తనకూ ఇలాంటి ఫైళ్లే వస్తాయి కాబట్టి, వరుసలు ఎలా జరిగాయో పాత ఫైలు ఒకసారి చూపించమన్నాడు. ఎవరైనా పొరపాటున మళ్లీ వాడతారేమోనని తీసేశానని చెప్పిందామె. ఇంట్లో మొగుడు, తప్పు చేయనివాళ్లెవరూ ఉండరనీ, ఒప్పుకుని దిద్దుకున్నాక ఇంకా కుమిలిపోవడం దేనికనీ నచ్చజెప్పాడు. ఆమె కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది.

అంతటితో పోనివ్వలేదు పెద్ద డాక్టరు. ఆ పొరపాటు ఇంకెవరూ చేయకుండా సిబ్బందికి ఓ పాఠం చెప్పమన్నాడు. తప్పించుకోవాలని ఎన్ని సాకులు చెప్పినా వినలేదు. ఆమె బోర్డు మీద వరుసలు గీసి, మధ్యలో ఓ అంకె చెరిపి, మిగతావి ఎలా పక్కకు జరుగుతాయో చూపించింది. ఫైలు ఎక్కించగానే మొదటి వరుసలూ చివరి వరుసలూ అసలు కాగితంతో పోల్చి చూసుకోవాలనీ, ఖాళీ వదలకుండా ఏదో ఒక గుర్తు పెట్టించాలనీ చెప్పింది.

వెనక వరసలోంచి ఒక నర్సు లేచింది. “ముందే సరిచూసుకుని ఉంటే హెడ్‌నర్సుగారికి ఆ అవమానం తప్పేది కదండీ?”

“తప్పేది,” అంది లెక్కలమ్మ.

ఆ ఒక్క మాటకే హాలంతా చప్పట్లు కొట్టింది.

బయటికి వచ్చి ఆపరేషన్ వార్డు ముందు నుంచి పోతుంటే, తిరిగి పాత పనిలో చేరిన అక్క కనిపించింది. మంచం మీద అప్పుడే ఆపరేషన్ గదిలోంచి తెచ్చిన ఆడపిల్ల. పక్కనే నిలబడ్డ తండ్రి, పెద్ద నర్సమ్మే దగ్గరుండి చూసుకుంటుందని చెప్పాక తనకు ధైర్యం వచ్చిందని ఎవరితోనో అంటున్నాడు. అక్క కట్లబట్ట అందుకుంది. గుమ్మంలో చెల్లెల్ని చూసి, చాలా రోజుల తర్వాత నిండుగా నవ్వి, తెర లాగింది.

లెక్కలమ్మ లోపలికి వెళ్లలేక, అక్కడి నుంచి కదల్లేక, గోడకు చేరగిలబడిపోయింది.

అసలు ఆ ఫైలులో ఒక్క వరుస కూడా జరగలేదు.