అంచు లేని బుట్టలు

"నాన్నా, మన బుట్టలు జనానికి తెగ నచ్చేశాయి!" ఫోను ఊపుకుంటూ వచ్చింది కూతురు.

తండ్రి తలెత్తలేదు. అల్లడం అయిన వెదురు బుట్టను పక్కనున్న ఖాళీ పీట ముందుకు తోశాడు. అక్కడ అప్పటికే మోకాలెత్తున బుట్టలు పేరుకుని ఉన్నాయి. ఒక్కదానికీ అంచు లేదు. బద్దల కొసలు దువ్వెన పళ్లలా పైకి నిలబడి ఉన్నాయి.

ఆ ఇంట్లో అల్లడం ఆయన పని, అంచు కట్టడం అమ్మ పని. అమ్మ పోయాక, అంచు కూడా నువ్వే కట్టెయ్యి నాన్నా అని కూతురు చిలక్కి చెప్పినట్టు చెప్పింది, నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆయన మాత్రం అల్లిన ప్రతి బుట్టనూ అమ్మ పీట ముందుకే తోసేవాడు. ఈ మొండితనంతో వేగలేక, ఆ బుట్టల్నే ఫోటో తీసి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టేసింది.

"కొత్త డిజైన్ అనుకుంటున్నారు నాన్నా. ఇలాగే కావాలట."

ఆయన చేతులు ఆగాయి.

"అంచు లేకపోయినా పర్లేదన్నారా?"

"లేకపోతేనే బావుందట!"

ఆయన పీట వంక చూశాడు.

"అయితే ఇక మీ అమ్మతో పని లేదన్నమాట."

కూతురి చేతిలో ఫోను మోగింది. ఇంకో ఆర్డరు. ఆమె చూడలేదు.

ఆయన లేచి, పీటను ఎత్తి గోడకు చేరేశాడు.

"అక్కడే ఉండనీ నాన్నా," అంది కూతురు.

"ఎందుకూ, చోటు దండగ," అన్నాడాయన, ఆ జాగాలో కొత్త బద్దలు పరుచుకుంటూ. "ఎన్ని కావాలన్నారు?"